కంప్యూటర్‌కు గాలి కొట్టిన చిన్నాయన

మా షెడ్డులో ఏ జబ్బుకైనా మందు ఒకటే, కంప్రెసర్ గాలి. ట్యూబుకు గాలి, మట్టి పట్టిన ఫిల్టరుకు గాలి. అక్కడితో ఆగితే నేనేమీ అనను. మా చిన్నాయన అన్నానికి కూర్చునే ముందు చెమట చొక్కాలోకి పైపు దూర్చి గాలి కొట్టుకునేవాడు. ఒకసారి చేతి గడియారం ఆగిపోతే దాని మూత తీసి మరీ కొట్టాడు. లోపలి ముల్లు ఎగిరి ఎటు పడిందో ఇప్పటికీ దొరకలేదు. అది అంతకుముందే పాడైందని ఆయన వాదన. అలాంటి మనిషి ఉన్న చోటికి నేను కంప్యూటర్‌ను తీసుకుపోయాను.

షెడ్డు మార్కాపురంలో, కంభం రోడ్డు మీద. పైన రేకులు, కింద ఆయిలు తాగిన మట్టి నేల, అటూ ఇటూ పలకల రాయి కోసే యార్డులు. కోత మిషన్లు తిరుగుతున్నంతసేపూ బూడిదరంగు పొడి లేస్తూనే ఉంటుంది. పొద్దున తుడిచిన బల్ల మీద పదింటికల్లా వేలితో పేరు రాయొచ్చు. ఏప్రిల్ వచ్చిందంటే రేకుల వేడికి స్పానరు పట్టుకోవడానికి కూడా గుడ్డ కావాలి.

నాయన డీజిల్ మెకానిక్. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలనని ఆయన గొప్ప. చాలావరకు నిజమే. కానీ పొగ తగ్గించే కొత్త రూల్స్‌తో బీఎస్ సిక్స్ బండ్లు వచ్చాక చెవి ఒక్కటే చాలలేదు. మీటరు పక్కన పసుపు లైటు ఎందుకు వెలిగిందో చెప్పాలంటే స్కానర్ కావాలి, స్కానర్‌కు కంప్యూటర్ కావాలి, దాని ముందు కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. డిగ్రీ అయిపోయి రెండేళ్లుగా ఇంట్లో ఖాళీగా ఉన్న నేను ఆ మనిషినయ్యాను. మూతబడిన ఒక ఇంటర్నెట్ సెంటరు నుంచి పాత డెస్క్‌టాప్ తెచ్చాం.

గ్రీజు మనుషుల మధ్య ఆడపిల్ల కూర్చోవడం నాయనకు ఇష్టం లేదు. అందుకని ఒక షరతు పెట్టాడు.

"ఈ ఎండాకాలం ఆ పెట్టె నడిస్తే నువ్వుండు. ఆగిపోయిందా, దాన్ని గోతాంలో కట్టేస్తా, నువ్వు ఇంటికి పో," అన్నాడు.

నా చదువు, నా తెలివి ఏమీ లెక్కలోకి రాలేదు. రెండేళ్లు గోడలు చూసి చూసి విసుగెత్తిన దాన్ని కాబట్టి సరేనన్నాను. మళ్లీ ఆ గోడల మధ్యకు పోవడమంటే నాకు నిజంగానే భయం.

బజారులో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి ముందుగానే పిలిపించాం. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, గుమ్మం దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, దీనికి ఏసీ గది ఉండాలని తీర్పు చెప్పాడు. ఏసీ గదే ఉంటే ముందు నేను పోయి కూర్చోనా? పోతూ పోతూ కుచ్చులున్న గుడ్డ ఒకటి ఇచ్చి, పని లేనప్పుడు దాని మీద కప్పమన్నాడు. మావాళ్లకు ఆ గుడ్డ తెగ నచ్చింది. మూడో రోజుకు దానితో ఎవరో ఇంజను ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ తుడిచారు.

ఇక చిన్నాయన సంగతి. పొద్దున రాగానే దేవుడి పటానికి అగరుబత్తి, కంప్యూటర్‌కు గాలి, ఇదీ ఆయన వరస. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదలాలని షెడ్డులో అందరికీ చెప్పేది ఆయనే, వదలనిదీ ఆయనే. ఆ గాలిలో నీటి తుంపర, ఆయిలు ఉంటాయి, దీనికి పడవు అని వారం రోజులు మొత్తుకున్నాను.

"లారీ ఇంజనుకే ఏమీ కాలేదు, దీనికేమవుతాది పాపా," అని నవ్వాడు.

చెవిటివాళ్లకు చెప్పడం దండగనుకున్నాను. ఒక సాయంత్రం అందరూ చేతులు కడుక్కునే వేళ, పార్సిళ్లకు వేసే గోధుమరంగు టేపు తెచ్చి, కంప్యూటర్ వెనకా పక్కనా ఉన్న జాలీలన్నీ మూసేశాను. ఇక లోపలికి పలకల పొడీ పోదు, చిన్నాయన తుంపరా పోదు. గోడ వైపు కాబట్టి ఎవరికీ కనపడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంటికి పోయాను.

మర్నాడు పదకొండు గంటలప్పుడు కురిచేడు నుంచి పాలవ్యాను వచ్చింది. లోపల పాలు, బయట నెత్తి పగిలే ఎండ, డ్రైవరు ఒక్కచోట నిలవడం లేదు. స్కానర్ తగిలించాను. సగం చదివిందో లేదో స్క్రీను నల్లబడింది. వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. నాయన నా వైపు చూశాడు. నాకు ఇంటి గోడలు కళ్ల ముందు కదిలాయి.

"నీ గాలే దీన్ని చంపింది చిన్నాయనా. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతివి," అన్నాను, డ్రైవరుకు కూడా వినపడేటట్టు.

నాయన తమ్ముణ్ణి బయటివాళ్ల ముందు తిట్టగా నేను చూసింది ఆ ఒక్కరోజే. చిన్నాయన పైపు చుట్టి కొక్కేనికి తగిలించి, వ్యాను కిందకు దూరిపోయాడు. ఆ బండిని నాయన చెవితోనే ఎట్లాగో బాగుచేసి పంపించాడు. కంప్యూటర్‌ను చూసి చెప్పడానికి నాకు రెండు రోజులు గడువిచ్చాడు.

ఇంటికి తెచ్చి వసారాలో విప్పాను. తేమ కాదు కదా, లోపల చెమ్మ వాసన కూడా లేదు. నేను అంటించిన టేపులో ఒక పట్టీ, వేడికి జిగురు కరిగి, ఊడి, కంప్యూటర్‌కు కరెంటు అందించే లోపలి పెట్టె ఫ్యానులోకి పోయింది. రెక్కల చుట్టూ బిగుసుకుని దాన్ని ఆపేసింది. ఆ కరెంటు పెట్టె మాడిపోయింది. మూడేళ్లు కంప్యూటర్లు చదివిన నాకు అది ఊపిరి తీసుకోవాలని తట్టలేదు. చొక్కాలోకి గాలి కొట్టుకునే మనిషికి ఆ మాత్రం తెలుసు.

టేపు మొత్తం పీకి ఇంటి వెనక చెత్తలో అడుగుకంటా తోసేశాను. కొత్త కరెంటు పెట్టె బిగిస్తే కంప్యూటర్ లేచింది. ఏమైందని నాయన అడిగితే, లోపలికి తేమ పోయిందన్నాను. దాన్ని విప్పి చూడగలిగింది ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి ఎవరూ ఎదురు అడగలేదు.

తిరిగి షెడ్డుకు తీసుకుపోయేసరికి నా బల్ల పక్కన ఒక ఇనుప బీరువా లాంటిది నిలబడి ఉంది. తుక్కులో పడేసిన లారీ ఎయిర్ ఫిల్టరు, దాని కింద ఏదో పాత వ్యాను ఏసీ బ్లోయరు, మధ్యలో రబ్బరు గొట్టం. గాలిని వడగట్టి కంప్యూటర్ ముందు జాలీలోకి తోస్తుంది. పొడి లోపలికి పోదు, వేడి నిలవదు. చిన్నాయన రెండు రోజులూ అన్నం కూడా సరిగా తినకుండా దాన్ని వెల్డింగ్ చేశాడని నాయన చెప్పాడు.

"నేను చేసిన పాడుపనికి ఇదన్నా చేద్దామనుకున్నా పాపా," అన్నాడు చిన్నాయన, నా మొహం చూడకుండా.

చూడ్డానికి అది అడ్డంగా కోసిన లారీలా ఉంది. ఆ మాట అనబోయి ఆగాను. ఆ ఎండాకాలం గడిచింది, తర్వాతి ఎండాకాలమూ గడిచింది, కంప్యూటర్ ఒక్కరోజు కూడా ఆగలేదు. షరతు సంగతి నాయన మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు గిద్దలూరు నుంచి కూడా బండ్లు నా స్కానర్ కోసం వస్తాయి. నన్ను ఇంటికి పొమ్మనేవాళ్లు ఎవరూ లేరు, కుర్చీ పోతుందన్న భయం కూడా లేదు. చిన్నాయన మాత్రం కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరునూ పిలిచి ఆ ఫిల్టరు చూపిస్తాడు.

"నేను తెలివిలేక గాలి కొట్టి చంపినా. మా పాప బతికించింది," అని చెప్తాడు.

అప్పుడు నేను స్క్రీను వైపు చూస్తూ, ఏదో చదువుతున్నట్టు ఉంటాను.