తీగలు వెతికిన ప్రేక్షకుడు

పోయిన ఆదివారం మా మనవరాలు నన్నూ మా ఆవిడనీ ఒక పెద్ద సినిమాకి తీసుకుపోయింది. ఉన్న కళ్లజోడు చాలదన్నట్టు దాని మీద ఇంకో నల్లకళ్లజోడు పెట్టించారు. కొండంత పక్షి ఒకటి తెరలోంచి లేచి, నా నెత్తి మీదుగా ఎగిరి, వెనక వరసలో పాప్‌కార్న్ తింటున్నాయన ఒళ్లో వాలినంత పని చేసింది. అలవాటు చొప్పున మనవరాలి చెవి దగ్గరికి వంగి, "ఇదెలా తీశారో తెలుసా..." అని మొదలుపెట్టాను. ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పకుండానే "గ్రాఫిక్స్, తాతయ్యా" అంది. అంతే. నా జీవితకాలపు ఉపన్యాసానికి ఒక్క మాటతో మంగళం పాడేసింది. అవతలి కుర్చీలో మా ఆవిడ నవ్వడం చీకట్లో కనపడలేదు గానీ, వరస మొత్తం సన్నగా ఊగింది. ఇన్నేళ్లు కాపురం చేశాక నవ్వుని కళ్లతోనే చూడనక్కర్లేదు.

ఆవిడ ఎందుకు నవ్విందో మనవరాలికి తెలియదు. నాకు తెలుసు. దానికోసం అరవైల నాటి ఆబిడ్స్‌కి వెళ్లాలి. రాష్ట్రం ఏర్పడ్డాక కోస్తా నుంచి హైదరాబాదుకి వచ్చిన వాళ్లలో చాలామంది ఆఫీసు ఫైళ్లతో వచ్చారు. నేను బెజవాడ నుంచి రెండు పెన్సిళ్లతో వచ్చాను. ఆబిడ్స్‌లో ఒక ఫొటో స్టూడియోలో రీటచింగ్ పని. ఫొటో దిగినవారి ముఖం మీద మశూచి మచ్చలూ, కళ్లకింద గుంటలూ ఉంటే, నెగటివ్ మీద సన్నటి పెన్సిలు మొనతో వాటిని మాయం చెయ్యాలి. ఊళ్లో రోడ్ల మీది గుంటలు ఎవరు పూడ్చేవారో తెలియదు గానీ, ముఖాల మీది గుంటలు పూడ్చేవాణ్ణి మాత్రం నేనే. పొద్దస్తమానం నెగటివ్‌లు చూసీ చూసీ నా బుద్ధి కూడా నెగటివ్ అయిపోయింది. ఎవరు దేన్ని మెచ్చుకున్నా, అందులో మచ్చ ఎక్కడుందా అని నా కన్ను వెతికేది. ఆ కన్నంటే నాకు చెప్పలేనంత గర్వం.

కాపురం నాంపల్లిలో, రెండు గదుల వాటా. పెళ్లై ఏడాది దాటలేదు. ఆ రోజుల్లో రంగు ఫొటోలు లేవు. నలుపు తెలుపు ఫొటో మీదే, పుల్లకి దూది చుట్టి, నీళ్లలాంటి రంగులు అద్దేవారు. మా స్టూడియోలో ఆ పని చేసే ముసలాయన చూపు మందగించి మానేశాడు. మా యజమానిని అందరం సేఠు అనేవాళ్లం. ఆ సేఠు, నెలాఖరుకి బొంబాయి నుంచి ఎవరినో పిలిపిస్తానంటున్నాడు. ఈ సంగతి నోరుజారి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ బియ్యం ఏరడం ఆపి, "ఆ పని నేను చేస్తానండీ. మా పుట్టింట్లో పటాలన్నిటికీ నేనే రంగులు వేసేదాన్ని" అంది. నేను నవ్వాను. "పటాలు వేరు, ఫొటోలు వేరు. ఆ పనికి కన్ను కావాలోయ్" అన్నాను. "నాకు రెండున్నాయిగా" అంది. "కనిపించే కన్ను కాదు, కనిపెట్టే కన్ను" అన్నాను, మాట బాగా కుదిరిందని మురిసిపోతూ. ఆవిడ మళ్లీ మాట్లాడలేదు. ఆ రాత్రి పచ్చడిలో మిరపకాయలు మాత్రం మాట్లాడాయి.

సరిగ్గా ఆ వారంలోనే మా ఇంటికి నాలుగు అడుగుల దూరంలోని హాల్లోకి ఒక జానపద సినిమా దిగింది. లక్షలు పోసి తీశారని గోడల మీద ఎర్రక్షరాలతో రాశారు. ఇంటి యజమానురాలు, పుట్టి పెరిగిందంతా నాంపల్లిలోనే అయిన పెద్దావిడ, మాతో బయల్దేరింది. ఆదివారం మ్యాట్నీ. కొయ్యగుర్రం రాకుమారుణ్ణి ఎక్కించుకుని మబ్బుల్లోకి లేచింది. హాలంతా నోళ్లు తెరిచింది. నేనూ తెరిచాను, మాట్లాడ్డానికి. "తీగలు. నల్ల తీగలకి కట్టి లాగుతున్నారు. జాగ్రత్తగా చూస్తే చెవుల దగ్గర కనపడతాయి." తర్వాత రాక్షసుడొచ్చాడు. "ఏం లేదు, కెమెరా నేల మీద పెట్టారు. మనిషి మన సేఠు కంటే పొట్టి." మాంత్రికుడు మాయమయ్యాడు. "ఫిల్ము ఆపి, వాణ్ణి పక్కకి పొమ్మని, మళ్లీ తిప్పారు."

పెద్దావిడ ఇంక ఆగలేకపోయింది. "ఓ బాబూ, జర నోరు మూసుకోరాదయ్యా! గుర్రం ఎగురుతుంటే అందరం మీదికి చూస్తున్నం, నువ్వొక్కనివే తీగలు చూస్తున్నవ్."

వెనకనుంచి ఒక గొంతు అందుకుంది. "ఏం భాయ్, సినిమా చూస్తందుకొచ్చినవా, పంచనామ చేస్తందుకొచ్చినవా?"

అప్పుడొచ్చింది ఆ అద్దం. మాంత్రికుడి కోటలో బందీగా ఉన్న రాకుమారి నిలువెత్తు అద్దం ముందు నిలబడి తలలో పువ్వు సర్దుకుంటోంది. మనకి ఆమె వీపు కనపడుతుంది, అద్దంలో ముఖం కనపడుతుంది. ఆమె చెయ్యెత్తితే అద్దంలో బొమ్మా చెయ్యెత్తింది. ఉన్నట్టుండి రాకుమారి భుజాలు కదిలిపోయేలా ఏడవసాగింది. అద్దంలో బొమ్మ మాత్రం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అద్దంలోంచి చెయ్యి బయటికి చాపి, రాకుమారి తలలోని పువ్వు తీసుకుని తన తలలో పెట్టుకుంది. ఈసారి నా నోట్లోంచి ఏమీ రాలేదు.

రెండు నిమిషాలు చూసి పెద్దావిడ నావైపు వంగింది. "ఏంది, సప్పుడు చేస్తలేవు? పాణం మంచిగుందా? దీనికి తీగ ఏడున్నదో చెప్పరాదు?"

"రేపు చెబుతానండీ" అన్నాను. ఆ రేపు ఎంతకీ రాలేదు. పొద్దున్నే నీళ్ల పంపు దగ్గర ఆవిడ "దొరికిందా తీగ?" అని పలకరించేది. నవ్వేసి బిందె ఎత్తుకునేవాణ్ణి. బిందె కంటే ఆ మాట బరువుగా ఉండేది. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ తీశారనుకుందామంటే, చెయ్యి దయ్యంలా పల్చగా కనపడాలి, ఇది నిండుగా ఉంది. ముక్కలు అతికారనుకుందామంటే ఎక్కడా కుదుపు లేదు. స్టూడియోలో పని ఎక్కువగా ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి మళ్లీ వెళ్లాను. మళ్లీ, మళ్లీ వెళ్లాను. ఓ మధ్యాహ్నం స్టూడియోలో ఎవరూ లేనప్పుడు, కస్టమర్లు తల దువ్వుకునే అద్దాన్ని దీపాల ముందుకి లాక్కొచ్చి, చెవి పక్కన మల్లెపువ్వు దోపుకుని, రకరకాల కోణాల్లో చెయ్యి చాపుతూ ప్రయోగాలు మొదలుపెట్టాను. సేఠు తలుపు తీశాడు. నన్నూ అద్దాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం మియా, పెండ్లిచూపులకు ఫొటోనా?" అన్నాడు. సినిమావాళ్లు మన చెవిలో పువ్వు పెడతారనేది మాటవరస. నా విషయంలో వాళ్లకి ఆ శ్రమ కూడా లేకపోయింది, నేనే పెట్టుకున్నాను.

ఇలా మూడు వారాలు నడిచింది. ఒక శుక్రవారం పొద్దున్న ఉప్మా ప్లేటు పక్కన నాలుగు సగం టిక్కెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. నా చొక్కాలు ఉతికేది ఎవరో నేను మర్చిపోయాను.

"ఇవి స్టూడియోలో పని ఎక్కువైనప్పుడు ఇచ్చే చీటీలాండీ?" అంది మా ఆవిడ.

ఒప్పుకోక తప్పలేదు. అద్దం సంగతి తేలక నిద్ర పట్టడం లేదన్నాను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "ఆ అద్దం సంగతా? అది మొదటిరోజే తెలిసిపోయిందిగా!"

"ఎవరికి?"

"నాకు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా. పైగా కన్ను లేనిదాన్ని."

ఉప్మా గొంతులో అడ్డం పడింది. మంచినీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగి, తన షరతు చెప్పింది. "చెబుతాను. అయితే రేపు నన్ను మీ సేఠుగారి దగ్గరికి తీసుకెళ్లాలి. నాకు రంగులు వేయడం వచ్చో రాదో ఆయన చెప్పాలి, మీరు కాదు."

సోమవారం బొంబాయి మనిషి వస్తున్నాడు. శనివారంతో సినిమా ఎత్తేస్తున్నారు. అటు ఆవిడకీ, ఇటు నాకూ ఉన్నది ఒక్క రోజే. మగాణ్ణి కదా, "నేనే కనిపెడతాను" అని విసురుగా లేచాను. ఆ మధ్యాహ్నం ఆరోసారి చూశాను. నవ్వింది, చెయ్యి చాపింది, పువ్వు తీసుకుంది. ఆ నవ్వు ఈసారి నా కోసమేనేమో అనిపించింది. ఇంటికొచ్చి గుమ్మంలోనే చెప్పులు విప్పుతూ "సరే" అన్నాను. నా జీవితంలో అంత చిన్న మాట అంత కష్టంగా ఎప్పుడూ పలకలేదు.

మా ఆవిడ నా ఎదురుగా నిలబడింది. "నా ముక్కుపుడక మీకు ఏ చేతి పక్కనుంది?"

"కుడిచేతి పక్క."

నన్ను వెనక నుంచోబెట్టి, తను గోడ అద్దం వైపు తిరిగింది. "ఇప్పుడు అద్దంలో?"

"ఎడమచేతి పక్క."

"మరి ఆ రాకుమారి ముక్కుపుడక సినిమా అంతా మనకి కుడిచేతి పక్కనే కనపడింది. అద్దంలోనూ కుడిచేతి పక్కనే కనపడింది. అద్దమైతే అటు మారదూ? అది అద్దం కాదండీ, ఉత్త చట్రం. అవతల నిలబడి ముఖం చూపించేదే అసలు అమ్మాయి. ఇవతల వీపు చూపిస్తున్నది వేరే ఎవరో. చట్రంలోంచి చెయ్యి చాపడానికేం? పైట అటు తిప్పి వేశారు, పువ్వు అటు మార్చారు. ముక్కుని మాత్రం అటు కుట్టించలేకపోయారు పాపం."

రోజుకి ముప్పై ముక్కులు పెన్సిలుతో చెక్కేవాణ్ణి నేను. కానీ నెగటివ్‌ని అటూ ఇటూ తిప్పీ తిప్పీ నాకు కుడి ఎడమల పట్టింపు ఎప్పుడో పోయింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు ముక్కుపుడక మర సరిచేసుకునే మనిషికి అది మొదటిరోజే కనపడింది. ఆ మనిషితో ఏడాదిగా కాపురం చేస్తూ, ఆ ముక్కుపుడక ఏ పక్కనుంటుందో నేను ఆ సాయంత్రమే మొదటిసారి చూశాను.

మర్నాడు, ఆఖరి రోజు మ్యాట్నీకి పెద్దావిడతో కలిసి ముగ్గురం వెళ్లాం. ఆరుసార్లు కనపడని ముక్కుపుడక ఏడోసారి రైలింజను దీపంలా మెరిసింది. నా పక్కన కూర్చున్న కుర్రజంట నోరు తెరుచుకుని చూస్తోంది. నాకు నాలుక దురద. వాళ్లవైపు వంగబోయాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "వద్దండీ. వాళ్లని చూడనివ్వండి." ఆ మాటతో నేను జీవితంలో మొదటిసారి ఒక సినిమాని నోరు మూసుకుని చివరిదాకా చూశాను. బాగుంది.

హాల్లోంచి మా ఆవిడని తిన్నగా స్టూడియోకి తీసుకెళ్లాను. సేఠు ముక్కుపుడక కథ విని కడుపు పట్టుకుని నవ్వాడు. "అరె, నువ్వు ఆరుసార్లు ఏం చూసినవయ్యా మరి? తల్లీ, గీడ కూసో. గీ ఫొటోకు రంగులెయ్యి చూద్దాం." అది ఎవరో పెద్దింటావిడ ఫొటో. మా ఆవిడ దూది అందుకోకుండా, "ఈవిడ కట్టుకున్న చీర ఏం రంగు?" అని అడిగింది. అంతకాలంగా ఆ స్టూడియోలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ముసలాయన, చేతికి ఏ రంగు ముందు దొరికితే అదే వేసేవాడు. సేఠు ఆ పెద్దింటావిడ చిరునామా వెతికించి మనిషిని పంపించి కనుక్కున్నాడు. ఉల్లిపొర రంగట. సోమవారం వచ్చిన బొంబాయి ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు మేమిద్దరం ఒకే బల్లకి చెరో పక్క కూర్చున్నాం. నేను చెరిపేవాణ్ణి, ఆవిడ రంగులద్దేది. కోఠి నుంచీ సుల్తాన్ బజార్ నుంచీ ఆడవాళ్లు ఆవిడ కోసమే వచ్చి, తమ చీరల రంగులు గంటలకొద్దీ వర్ణించి చెప్పేవారు. ఓ రోజు పని లేనప్పుడు మా పెళ్లిఫొటో బల్ల మీద పెట్టి, "నా పట్టుచీర ఏం రంగో చెప్పండి, వేస్తాను" అంది. ఆవిడకి తెలియక కాదు. తడుముకుంటే పరువు పోతుందని "చిలకాకుపచ్చ" అన్నాను ధీమాగా. ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, చిలకాకుపచ్చే వేసింది. అది మంకెనపువ్వు ఎరుపని మా అత్తగారు వచ్చినప్పుడు తెలిసింది. మార్చమంటే మా ఆవిడ మార్చనంది. ఆ ఫొటో గోడకెక్కింది. పిల్లలు దాన్ని చూసి పెరిగారు, మా అత్తగారు కూడా పోయేముందు ఒకసారి ఆకుపచ్చ చీరే అన్నారు. మొన్న అడిగితే మా ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆకుపచ్చదే కదూ?" అంది. నాకూ ఇప్పుడు పీటల మీద ఆవిడ చిలకాకుపచ్చ చీరలోనే గుర్తొస్తుంది. కాలం కూడా మా బల్ల మీది పనే చేస్తుంది కాబోలు, కాకపోతే అది ఏ రంగు వేసినా తడి ఆరాక ఇక చెరపడం ఎవరి తరమూ కాదు.