ప్లగ్గు తీగలకు బొట్లు పెట్టిన దసరా

ఒక దసరా సాయంత్రం బాన్సువాడ శివారులో, కాలువ గట్టు మీద జనమంతా చెల్లాచెదురుగా పరుగెత్తారు. ఎవరో తుపాకీ పేల్చారని కొందరు, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని కొందరు, దీపావళి ముందే వచ్చిందని ఇంకొందరు అన్నారు. అవేవీ కావు. పేలింది మా కారు. పేల్చిన మహానుభావుణ్ణి నేను. నవ్వడానికి వచ్చినవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోండి, చెబుతాను.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఫోన్లో కార్ల వీడియోలు చూసీ చూసీ, ఇంజను గురించి నాకు తెలియనిదేదీ లేదని, ఒకవేళ ఉన్నా అది తెలుసుకోదగ్గది కాదని నమ్మకం కుదిరిపోయింది. మా నాన్నకు ఒక పాత తెల్ల కారు ఉండేది. వయసులో నాకంటే పెద్దది. ఇప్పటి కార్లలాగా కంప్యూటర్లు, సెన్సర్లు దానికి లేవు. బానెట్ ఎత్తితే గుట్టంతా బయటపడేది. నాకు అంతకంటే ఏం కావాలి?

మా నాయనమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలుస్తాం. దసరా నాడు పాలపిట్టను చూస్తే ఆ యేడంతా మంచి జరుగుతుందని మా దగ్గర నమ్మకం. అంతకుముందు దసరాకు అవ్వ మోకాళ్ల నొప్పితో మంచం దిగలేక పిట్టను చూడలేదు. ఇక ఆ యేడంతా ఇంట్లో ఏది చెడినా నేరం పిట్టదే. పాలు విరిగినా అదే, చెప్పు తెగినా అదే. నాకు ఒక సబ్జెక్టు పోయినప్పుడు కూడా "పిట్టను చూడకపోతిమి, గట్లనే అయితది బిడ్డా" అంది. ఆ ఒక్కసారి మాత్రం నేనూ గట్టిగా తలూపాను.

కానీ అవ్వ నిజంగానే దిగులు పడిందని నాకు తెలుసు. పండుగ దగ్గర పడేకొద్దీ "ఈ యేడు గూడ సూడకపోతే ఎట్లరా" అని రోజూ అడిగేది.

"ఫికర్ చెయ్యకు అవ్వా. కార్ల కూసోబెట్టి తీస్కపోత. ఎట్ల కనబడదో నేను చూస్త!" అని మాటిచ్చేశాను.

దసరా పొద్దున కారుకు పూజ. అందరూ పైపైన కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. నాలాంటి విద్వాంసుడికి అది ఎలా సరిపోతుంది? ఇంజను కూడా శుభ్రం కావాల్సిందే! అవ్వను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని బానెట్ ఎత్తాను.

"గిది బ్యాటరీ అవ్వా. దీంట్ల పన్నెండు వోల్టులే ఉంటయ్. గంత దానితోని నిప్పురవ్వ రాదు. గందుకే గీ కాయిల్! గా పన్నెండును వేల వోల్టులు చేస్తది."

"గంత చిన్న డబ్బానా?"

"గంత చిన్న డబ్బానే! ఆడికెళ్లి కరెంటు గీ డిస్ట్రిబ్యూటరుకు వస్తది. లోపల ఒక ముల్లు గిర్రున తిరుగుతది. నాలుగు తీగలున్నయ్ గద, తిరుక్కుంట ఒక్కో తీగకు ఒక్కోసారి ఇస్తది. తీగ చివర ప్లగ్గు. ప్లగ్గు మూతి కాడ చిటుక్కుమని నిప్పురవ్వ! సిలిండర్ల పెట్రోలు ఆవిరి భగ్గుమంటది, పిస్టన్ను కిందికి తంతది, ఇగ బండి ఉరుకుతది!"

నేను చేతులూపుతూ ఎగిరెగిరి చెబుతుంటే అవ్వ కళ్లు మెరిశాయి. "అంటే పెండ్లిల వడ్డించెటోని లెక్క. వరుసగ అందరికి పెట్టుకుంట పోతడు."

"వరుసగ కాదవ్వా. ముందు ఒకటో సిలిండరుకు, తర్వాత మూడుకు, తర్వాత నాలుగుకు, ఆఖరికి రెండుకు."

అవ్వ మొహం మారిపోయింది. "రెండో ఆయన ఏం పాపం జేసిండ్రా? పక్కన కూసున్నోన్ని ఇడిసిపెట్టి మూడో ఆయనకు పెడతరా?"

"గట్లయితెనే ఇంజను ఊగకుంట నడుస్తది అవ్వా."

"ఏమో. నాకైతే మంచిగనిపిస్తలేదు" అని తేల్చేసింది.

ఇప్పుడు అసలు ఘనకార్యం. ప్లగ్గుల చుట్టూ పేరుకున్న మడ్డి తుడవడానికి నాలుగు తీగల చివర్లనూ ప్లగ్గుల నుంచి ఊడబీకాను. నాలుగూ ఒకే నలుపు, ఒకే పొడవు. ఏది ఏ ప్లగ్గుదో గుర్తు పెట్టుకోవాలి కదా. పెన్ను కోసం ఇంట్లోకి వెళ్లడం ఎందుకు, ఎదురుగా పూజ పళ్లెం ఉంది. ఒకటో తీగకు ఒక కుంకుమ చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, నాలుగోదానికి నాలుగు. నా తెలివికి నేనే మురిసిపోయి, ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చి చూస్తే నాలుగు తీగలూ పసుపు పూసుకుని, సమానంగా అయిదేసి బొట్లతో పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

"గిదేందవ్వా!"

"ఏందంటవేందిరా? ఒకదానికి ఒకటే బొట్టు, ఇంకోదానికి నాలుగు పెడితివి. పండుగ పూట గదేం పద్ధతి? అన్నిటికి అయిదైదు పెట్టిన. నీ రెండో ఆయనకు గూడ!"

దేవుడి కుంకుమతో నంబర్లు వేశానని ఆ ముసలామె ముందు ఒప్పుకునే ధైర్యం మీకుంటే ఉండవచ్చు. నాకు లేదు. ఒకటో తీగ ఏదో మాత్రం గుర్తుంది. ముల్లు తిరిగే వైపు చూసుకుంటూ ఒకటి, మూడు, నాలుగు, రెండు అని తగిలించుకుంటూ పోతే చాలు. మరి ముల్లు ఎటు తిరుగుతుంది? ఎటేమిటి, గుళ్లో ప్రదక్షిణ ఎటు చేస్తామో అటే! ఈ లోకంలో మంచి వస్తువేదైనా కుడివైపుకే తిరుగుతుందని తీర్మానించి, తీగలు బిగించి, బానెట్ మూసి, దండ వేశాను.

సాయంత్రం పక్కింటి నజీర్ అన్న ఆటోతో గుమ్మం ముందు ఆగాడు. "అవ్వా, వస్తవా? పిట్టను చూడనీకి గట్టు కాడికే పోతున్న."

అవ్వ లేవబోయింది. నేను అడ్డం పడ్డాను. "కారుండంగ ఆటో ఎందుకన్నా? నువ్వు నడువు, నీకంటే ముందు మేముంటం!"

ఆటో వెళ్లిపోయింది. అవ్వ ముందు సీట్లో, మా అక్క సునీత వెనక సీట్లో. దర్జాగా తాళం తిప్పాను. గుర్రు, గుర్రు, గుర్రు... ఢాం!

నిమ్మకాయలు కాదు, నా గుండె పగిలింది.

"అరేయ్, పూజ జేసినవా, బాంబు పెట్టినవా?" అంది అక్క.

"చల్లగుంది ఇంజను. వేడెక్కితే సాఫ్ అయితది."

వేడెక్కింది కానీ సాఫ్ కాలేదు. నాలుగు సిలిండర్లలో రెండే పనిచేస్తున్నాయి. మిగతా రెండింటికి నిప్పురవ్వ వేళ కాని వేళ అందుతోంది. కాలని పెట్రోలు సైలెన్సర్లోకి పోయి అక్కడ పేలుతోంది. ఇవన్నీ తర్వాత నేను చెప్పిన మాటలు. ఆ క్షణాన నాకు తెలిసింది ఒక్కటే, కారు కుంటుతోంది, నాలుగు అడుగులకోసారి ఢామ్మంటోంది. దుకాణాల్లోంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు.

"మెకానిక్ కాడ ఆపరాదు?" అంది అక్క.

"ఇయ్యాల మెకానిక్ ఎవడు ముట్టుకుంటడే? పానాలు, సుత్తెలు అన్ని పూజల ఉన్నయ్."

అవ్వ మాత్రం అద్దంలోంచి పడమటి వైపే చూస్తోంది. "పొద్దు గూకుతుంది బిడ్డా. ఈసారి గూడ అందదా?" అని మెల్లగా అంది. ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆటోలో పంపి ఉంటే ఈపాటికి చూసేది కదా, నా డాబు కోసం ఆపేశాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎలాగో గట్టు చేరాం. అక్కడ ఊరు సగం నిలబడి, తలలెత్తి ఆకాశం వెతుకుతోంది. ఎవరి మొహంలోనూ కళ లేదు. నజీర్ అన్న చేతులడ్డం పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"అరే బేటా, బంద్ కర్! గంటసేపటి సంది ఒక్క పిట్ట రాలె. నీ చప్పుడుకు వచ్చేది గూడ రాదు!"

కంగారులో తాళం ఇటు తిప్పి ఆపాను. బండి ఇంకా దొర్లుతోంది, ముందు జనం. భయంలో బ్రేకు సంగతే మరిచి మళ్లీ అటు తిప్పాను. అంతే! అప్పటిదాకా సైలెన్సర్లో చేరిన పెట్రోలంతా ఒక్కసారి అంటుకుంది.

ఢామ్మ్!

జనం గట్టు దిగి పొలాల్లోకి దూకారు. నజీర్ అన్న ఆటో చాటున కూర్చున్నాడు. వరిచేలోంచి కొంగలు లేచాయి. అందరి నెత్తిన ఉన్న తుమ్మచెట్టు కొమ్మల్లోంచి, ఇంతసేపూ మట్టిరంగు ముద్దలా కదలకుండా కూర్చున్న ఒక పిట్ట అదిరిపడి ఎగిరింది. రెక్కలు విప్పేసరికి నీలం, నీలం, ఎంత నీలమో!

"అగో! పాలపిట్ట! పాలపిట్టరా!" అవ్వ సీట్లోనే లేచి నిలబడబోయి, రెండు చేతులూ జోడించింది. ఆమె చెంపల మీద నీళ్లు. నావీ దాచుకోను, నేనూ ఏడ్చాను. చేలోంచి తలలెత్తిన ఊరంతా, బురద కాళ్లతోనే దండం పెట్టుకుంది.

తర్వాత, నేను చేయించిన ప్రదక్షిణ మీదే అనుమానమొచ్చి, తువ్వాలు చేతికి చుట్టుకుని, రెండో ప్లగ్గు తీగను మూడోదానికి, మూడోదాని తీగను రెండోదానికి మార్చాను. మా కారు ముల్లు ఎడమవైపుకు తిరిగే రకమని అలా తెలిసింది. తాళం తిప్పితే ఇంజను చప్పుడు లేకుండా మెత్తగా అందుకుంది. నేను గర్వంగా అవ్వ వైపు చూశాను. అవ్వకు బాగా కోపమొచ్చింది.

"ఎందుకు మార్చినవ్‌రా? మంచిగ పిట్టను లేపుతుండె! వచ్చే యేడు గూడ గట్లనే పెట్టు!"

"హౌ బేటా, జర మా గల్లీల గూడ ఓసారి పేల్చు" అన్నాడు నజీర్ అన్న.

కాబట్టి పాఠక మహాశయులారా, నాలుగు సిలిండర్ల సాక్షిగా, ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే క్రమంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై కుంకుమతో లెక్కలు వేయను, ఏ ముల్లు చేతా ప్రదక్షిణ చేయించను, ఇంజను జోలికి పోయేటప్పుడు అవ్వకు చెప్పకుండా స్నానానికి పోను. అవ్వ మాత్రం ఈ ప్రమాణం చెల్లదంటోంది. దసరా వస్తోందంటే చాలు, తీగలు పీకమని నా వెంట పడుతోంది.