నాగముని సారు అటు పక్క వాదన

ప్రొద్దుటూరు నాగమునిరెడ్డి సారుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుట ఉన్న మనిషి ఏ పక్కన మాట్లాడితే, ఆయన రెండో పక్కన మాట్లాడాలి. లా కాలేజీలో రాజ్యాంగం పాఠం చెప్పి చెప్పి అంటుకున్నదని ఊళ్లోవాళ్లంటారు. ఆయన భార్య పద్మావతమ్మ ఒప్పుకోదు. పెళ్లిపీటల మీద పురోహితుడు, ఇంకా రాని బంధువులను విసుక్కుంటుంటే, "వాళ్ల బస్సుకేమైందో వాళ్లనూ అడగాల గద సామీ" అన్నాడట పెళ్లికొడుకు. పుట్టుకతో వచ్చిన జబ్బేనని ఆమె తీర్పు.

కూరలో ఉప్పెక్కువైందని ఆమె తానే ఒప్పుకుంటే, ఆయన ఉప్పు తరఫున మాట్లాడతాడు. పాలు నీళ్లగా ఉన్నాయంటే బర్రె తరఫున మాట్లాడతాడు. ఇక రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చిందంటే ఆయనకు తిరునాళ్లే. దాన్ని మెచ్చుకునేవాడు కనబడితే హైకోర్టు ఎట్లా కొట్టేస్తుందో చెబుతాడు. తిట్టేవాడు కనబడితే ఎట్లా నిలుస్తుందో చెబుతాడు. మూడు రాజధానులు కావాలన్నవాళ్లకు ఒకటే ఎందుకుండాలో, ఒకటే చాలన్నవాళ్లకు మూడు ఎందుకుండొచ్చో వివరించి, రెండు పార్టీల చేతా "ఆయప్ప వాళ్ల మనిషి" అనిపించుకున్నాడు. ఆ జిల్లాలో అట్లా అనిపించుకుని కూడా నిక్షేపంగా నడిచి ఇంటికొచ్చే మనిషి ఆయనొక్కడే.

నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు గానీ, పద్మావతమ్మకు మాత్రం లోపల ఒక ముల్లుండేది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఏదన్నా అంటే, ఆమె మొగుడి దగ్గర చెప్పుకుని ఏడ్చేది. "మా అమ్మ పక్క కూడా ఆలోచించు పద్మా" అనేవాడు. ఈ మనిషి ఒక్కరోజన్నా నా పక్క నిలబడతాడా స్వామీ అని, దీపం ముందు చేతులు జోడించి అడిగేది. అత్తగారు పోయి చాలా ఏళ్లయినా ఆ ముల్లు పోలేదు.

సారు రిటైరయ్యాక ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు ఆయన్ను పట్టుకున్నారు. అప్పుడే భూమి హక్కుల చట్టం మీద రాష్ట్రమంతా గొడవగా ఉంది. సారు గంటసేపు మాట్లాడాడు. మొదటి అరగంట, పాసుపుస్తకంలో పేరున్నవాడి పక్క. రెండో అరగంట, ఏళ్లుగా చేను దున్నుతున్నవాడి పక్క. గంటసేపు ఎవరు చూస్తారని చానల్ వాళ్లు దాన్ని రెండు ముక్కలు చేసి వదిలారు.

చాపాడు దగ్గర పల్లెలో వెంకటప్ప, ఓబులేసు అని అన్నదమ్ములున్నారు. పుస్తకంలో పేరు అన్నది. అన్న గొర్రెలు తోలుకుని దేశం మీద తిరుగుతుంటే, చేను చేసింది తమ్ముడు. అన్న ఫోనుకు మొదటి ముక్క వచ్చింది. తమ్ముడి ఫోనుకు రెండోది వచ్చింది. నాగముని సారే చెప్పినాడని అన్న, నాగముని సారే చెప్పినాడని తమ్ముడు. మాటా మాటా పెరిగింది. ఓబులేసు తన పెళ్లాం బిడ్డలతో సింహాద్రిపురం పోయి, చీనీతోటకు, అంటే బత్తాయి తోటకు, కాపలా కుదిరాడు. చేను బీడు పడింది. తర్వాత ప్రభుత్వం మారి ఆ చట్టం రద్దయింది గానీ, తగాదాను రద్దు చేసేవాళ్లు ఎవరూ లేకపోయారు.

ఈ సంగతి వెంకటప్ప పెళ్లాం చిన్నసుబ్బమ్మ చెబితేనే సారుకు తెలిసింది. ఏళ్లుగా సారు వాళ్లింటికి నెయ్యి తెచ్చిపోసే మనిషి. ఆరోజు నెయ్యి పోసి, మెట్టు మీద కూలబడింది.

"మా ఇంటాయనకు కిడ్నీలు పోయినాయంట సారూ. ఆస్పత్రోళ్లు ఇంటికి తోలుకపొమ్మన్యారు. తమ్మునికి ఫోన్ చేస్తానంటే వద్దంటాడు. వాకిలి పక్కకు మాత్రం సూస్తానే ఉంటాడు."

ఆ పూట సారు అన్నం ముందు కూర్చుని ఏ పక్కా మాట్లాడలేదు. పద్మావతమ్మకు భయమేసి, పప్పు బాగాలేదని తానే అంది. "ఊ" అన్నాడు. ఆమెకు భయం రెట్టింపయింది.

ఇద్దరూ చాపాడు వెళ్లారు. మంచంలో వెంకటప్ప ఎండిన చొప్పకట్టలా ఉన్నాడు. సారు పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు.

"వెంకటప్పా, నువ్వు గొర్లెంబడి పోతే చేను ఎండనీకుండా కాపాడినోడు వాడే గదా. వాని కడుపులో ఎంత కోత ఉంటాదో చూడు."

"నీ మాట పట్టుకోనే గద సారూ నేను వాన్ని పొమ్మన్యా. ఇప్పుడొచ్చి వాని పక్క మాట్లాడతాండావా? పో సామీ, పో" అని వెంకటప్ప గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతుండటం పద్మావతమ్మ చూసింది.

మర్నాడు పొద్దున్నే సింహాద్రిపురానికి బయలుదేరారు. జమ్మలమడుగు బస్టాండులో ఇద్దరు శాసనమండలి ఉండాలా వద్దా అని వాదించుకుంటుంటే, సారు ఉండాలన్నవాడికి వద్దని, వద్దన్నవాడికి ఉండాలని చెబుతూ నిలబడిపోయాడు. బస్సు కదలబోతుంటే పద్మావతమ్మ చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. కండక్టరు ఈల ఆపి నవ్వాడు. ఎవరో తురకామె బిడ్డను ఒళ్లోకి తీసుకుని, "ఈడ కూసో పెద్దమ్మా" అని చోటిచ్చింది. మంచి శకునమే అనుకుంది పద్మావతమ్మ.

ఓబులేసు చీనీచెట్ల పాదుల్లో పనిచేస్తున్నాడు. సారును చూడగానే పార నేలకేసి నిలబడ్డాడు.

"యాడికొచ్చినావు సారూ? ఈడ తోటలో గూడా కొట్లాట పెడదామనా?"

"మీ యన్నకు బాగలేదప్పా. పుస్తకంలో పేరు ఉన్నంత మాత్రాన ఆయన నీకు అన్యాయం చేయాలనుకోలేదు. మీ నాయన పోయినాక నిన్ను సాకినోడు..."

"నా ముందర మాయన్న పక్క మాట్లాడతాండావే, మాయన్న ముందర ఒక్కసారన్నా నా పక్క మాట్లాడినావా?"

పద్మావతమ్మ సారువైపు ఆశ్చర్యంగా చూసింది. ఉప్పుకూ, బర్రెకూ, ప్రభుత్వానికీ వాదన దొరికే మనిషికి, తన పక్క చెప్పుకోవడానికి ఒక్క ముక్క దొరకడం లేదు.

"మాట్లాడినాడు నాయనా" అంది ఆమె. "నిన్ననే. చేను కాపాడింది నువ్వే అన్యాడు. మీయన్న తిట్టి పంపించినాడు గానీ, నువ్వు కాపాడలేదని మాత్రం అనలేదు. గోడపక్కకు తిరిగి ఏడ్సినాడు."

ఆ మాట చెబుతుండగానే ఆమెకు ఇంకొకటి తట్టింది. తన ముందర అత్త పక్క మాట్లాడిన మనిషి, అత్త ముందర ఎవరి పక్క మాట్లాడి ఉంటాడు? ఆ ముసలామె కోడలిని ఒక మాట అని, మరునాడే చప్పుడు చేయకుండా పూలు తెచ్చి ఎందుకిచ్చేదో ఇన్నేళ్లూ ఆమెకు అంతుపట్టలేదు. అక్కడ లేని మనిషి కోసమే ఈయన పుట్టాడు కాబోలు. ఆమె మొగుడివైపు చూసింది. ఆయన చీనీచెట్టు ఆకులు లెక్కబెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

ఓబులేసు కాలువలో చేతులు కడుక్కున్నాడు. షెడ్డులోకి పోయి చొక్కా తొడుక్కుని వచ్చాడు. "బస్సెప్పుడు?" అన్నాడు.

వెంకటప్ప ఆ నెల దాటలేదు. పాడెకు ముందు భుజం ఓబులేసుదే. బీడుపడిన చేను మళ్లీ దున్నింది కూడా అతడే. అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం ఓబులేసు అన్న ఇంటి గడపలో నిలబడి లోపలికి రాలేకపోయాడు. అన్న తల తిప్పి చూసి, "ఏంరా, శానా చిక్కినావు" అన్నాడు, తాను ఎముకలగూడై ఉండి. తమ్ముడు పోయి మంచంపట్టెకు తల ఆనించాడు.

చిన్నసుబ్బమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. కాస్త తేరుకున్నాక వెంకటప్పే మొదలుపెట్టాడు.

"రేయ్, ఈ సారు మాటిని గదరా మనం చెడింది."

"అవున్నా. ఒకసారి ఒక మాట, ఇంగోసారి ఇంగో మాట. మనిషి మంచోడే గానీ నోరు పనికిరాదు."

"సదువు ఎక్కువైతే అట్లనే ఉంటాదిరా."

"చానల్ వాళ్లు ముక్కలు చేసినారు గానీ, ఈయన..." అని పద్మావతమ్మ అందుకోబోయింది. సారు ఆమె చేయి మెత్తగా నొక్కాడు.

"గమ్మునుండు పద్మా. ఇద్దరూ ఒకే మాట మీద ఉండారు."

మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కాలేజీలో ముందు బెంచీ పిల్లవాడిలా బుద్ధిగా కూర్చుని, "ఇంకా ఏమన్నా ఉంటే చెప్పండప్పా" అన్నాడు.

వాళ్లు దీపాలు పెట్టేదాకా చెప్పారు.