ఆకు అంటే తమలపాకు కాదు

శౌరమ్మ మొదటి కథ అచ్చయినప్పుడు దాని కింద ‘సేకరణ: శౌరమ్మ’ అని వేశారు. కథ ఆమెది. పామర్రు పొలాల్లో పాతికేళ్ళు వరి ఊడ్పుల్లో వంగి నాట్లేసిన నడుం ఆమెది. విజయవాడలో ఓ బళ్ళో ఆయాగా చేరాక, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే అరగంటలో పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నదీ ఆమే. కూలి చేసిన మనిషి సొంతంగా కథ అల్లిందంటే, దాన్ని అచ్చేసిన కథల సంఘం వారికి నమ్మకం కుదరలేదు. ఎక్కడో విన్నది మోసుకొచ్చిందన్నట్టు ఆ మాట తగిలించారు. పేరన్నా వేశారులే అనుకుని శౌరమ్మ ఊరుకుంది.

రెండో కథ దగ్గర ఆ ఓపిక అయిపోయింది.

సంఘం పుస్తకాన్ని టైపు చేస్తున్న యేసుబాబుదీ పామర్రు వైపే. ప్రూఫు కాగితాలు ఆమె చేతికిస్తూ నవ్వాపుకోలేకపోయాడు.

“అక్కా, మోకాల్లోతు బురదలో తమలపాకులు కోశారా మీరు? ఏ ఊళ్ళోనో చెప్పు, నేనూ వచ్చి చూస్తా!”

‘ఆకు పీకడానికి దిగారు’ అని ఆమె రాసిన చోట ‘తమలపాకులు కోయడానికి దిగారు’ అని ఉంది. డెల్టాలో వరినారుని ఆకంటారని, కథ దిద్దిన సంఘం అధ్యక్షుడు ఉమామహేశ్ గారికి తెలియదు. ఇది ఇలాగే అచ్చయితే, తనతో ఊడ్చిన ఆడవాళ్ళ ముందు శౌరమ్మ తలెత్తుకోలేదు. కాగితాలు పట్టుకుని సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్ళి, ఆకంటే నారని చెప్పింది.

“నాకే అర్థం కాలేదు, చదివేవాళ్ళకేం అర్థమవుతుందమ్మా?” అన్నాడాయన, కాస్త సిగ్గుపడి. “పోనీ, పక్కన బ్రాకెట్లో నారు అని వేద్దాం.”

“మేం బ్రాకెట్లు పెట్టుకుని మాట్లాడుకోమండీ.”

ఆయన నవ్వాడు. శౌరమ్మ పెన్ను అడిగి తీసుకుని, తమలపాకుల వాక్యం కొట్టేసి దాని కింద రాసింది: ‘ఆకుమడిలో వంగి ఆకు పీకి, దాని వేళ్ళ బురద కాలికేసి దులిపి, కట్టగట్టి ఊడ్చే చేలోకి విసిరింది.’

“మాట పక్కన పని పెడితే చాలండీ. అర్థం దానంతటదే వస్తుంది.”

ఆయన రెండుసార్లు చదువుకుని తలూపాడు.

“ఇంకోటండీ. సేకరణ అని వెయ్యకండి. నేను ఏరుకొచ్చింది కాదది.”

ఆ మాట ఆయనే కొట్టేసి ‘రచన’ అని రాశాడు. పోయిన నెల పుస్తకం అలాగే వచ్చింది. ఇప్పుడు శౌరమ్మ మూడో కథ మొదలుపెట్టింది.

కథలు రాసేవాళ్ళకి ఒక మనవి. మీ కథలో నాగలి పట్టినవాళ్ళో, మగ్గం నేసేవాళ్ళో, ఆటోనగర్ మెకానిక్కో ఉంటే, అచ్చుకి పంపేముందు ఆ పని చేసే మనిషి దగ్గర కూర్చుని పైకి చదవండి. వాళ్ళు నవ్విన చోట దిద్దండి. వాళ్ళే కథ చెప్పగలరనిపిస్తే పెన్ను వాళ్ళకివ్వండి. ఈ ఆదివారమే వెళ్ళండి.