సింక్ అయ్యేదాకా

పోర్టులో నన్ను క్రేను మీద నుంచి దింపేశాక ఒక చోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాలేదు. ఓడల్లోంచి కంటైనర్లు ఎత్తి ఒడ్డున పెట్టే పెద్ద క్రేను నడిపేవాణ్ణి. కేబిన్‌లో కాళ్ళ కింద అద్దం ఉంటుంది. ఆ అద్దంలోంచి కిందికి చూస్తూనే షిఫ్టంతా గడపాలి. ఏళ్ళ తరబడి అలా తల వంచి చూసి చూసి మెడ ఎముకలు అరిగిపోయాయి. ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని చెబితే డాక్టరు ఇక పైకి ఎక్కొద్దన్నాడు. ఆఫీసులో ఒక కుర్చీ చూపించారు. అక్కడ నా పని గేటు పాసుల మీద ముద్ర వేయడం.

ఇంటికి వచ్చినా అదే తీరు. మేడ మీదికి వెళ్ళి యారాడ కొండ పక్కగా సముద్రంలో లంగరేసి ఉన్న ఓడల్ని చూసేవాణ్ణి. కిందికి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి, ఏమీ తీయకుండానే మూసేవాణ్ణి. నా భార్య పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. క్లాసు మధ్యలో ఆమె వెనకనుంచి నేను అటూ ఇటూ నడుస్తుంటే మైకు ఆపి, "మీరలా తిరగతంటే పిల్లల కళ్ళన్నీ మీ యెనకాలే తిరగతన్నాయండీ. కాసేపు కూకోండి," అనేది. కూర్చునేవాణ్ణి. మళ్ళీ ఎప్పుడు లేచానో నాకే తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మా బావ వచ్చాడు. బావ అంటే నా భార్య అన్నయ్య. ఆనందపురంలో ఉంటాడు. సొంత ట్రక్కు ఆటోలో తెల్లవారుజామునే కూరగాయలు వేసుకుని ఊళ్ళో రైతు బజార్లకు తెచ్చేవాడు. వస్తే మా ఇంట్లో గోడలు కూడా నవ్వుతాయి, అంత మాటకారి. ఆ రోజు మాత్రం బీరకాయల సంచి గుమ్మంలో పెట్టి నేరుగా నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"బావా, క్రేనులో వాడినావు, నీకు కంప్యూటరు పనొచ్చు కదా. నోడ్ అంటే ఏటో తెలుసా?"

నాకు తెలీదు. ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించాడు. క్రిప్టో అంటారే, కంటికి కనిపించని ఆ నాణేల లావాదేవీలన్నీ మొదటి రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒకే వరసలో రాసి ఉంటాయట. ఆ వరసకు పూర్తి నకలు ఎవరి ఇంట్లో వాళ్ళు పెట్టుకోవచ్చట. ఆ నకలు దాచుకుని, ప్రతి లావాదేవీనీ తనంతట తాను సరిచూసుకునే కంప్యూటరే నోడ్. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. అది విన్నప్పుడు నా చేతులకు మళ్ళీ ఏదో పని దొరికినట్టయింది.

"డబ్బులొస్తాయేటి అన్నియ్యా?" అని వంటింట్లోంచి నా భార్య అడిగింది.

"రావమ్మా. ఇది నాణేలు పుట్టించే మైనింగు కాదు. ఊరికే సూసుకోడానికే."

"ఊరికే సూసుకోడానికి కరెంటు కాల్సడం ఎందుకేటి?"

బావ నా వైపు తిరిగి, "మొత్తం పెట్టు బావా. సగం సగం దాసుకునే పద్ధతి ఒకటున్నాదంట, అది వద్దు. ఏ లావాదేవీ అయినా ఎతికితే దొరకాల," అన్నాడు. అంత తెలిసినవాడిలా మాట్లాడుతుంటే ముచ్చటేసింది. వెళ్ళేటప్పుడు బస్సుకు లేటవుతోందని తొందరపడ్డాడు. బండి ఏదని అడిగితే షెడ్డులో ఉందన్నాడు.

వన్‌టౌన్‌లో పాత కంప్యూటర్లు అమ్మే సాయిబుగారి కొట్టుకు వెళ్ళి ఒక డబ్బా, పెద్ద డిస్కు ఒకటి కొన్నాను. "మీ ఇల్లు పోర్టు పక్కనే కదా భాయ్, బొగ్గుపొడి జాగ్రత్త. ఫ్యాన్లు పట్టేస్తాయి," అన్నాడాయన. బట్టలు ఆరేసుకునే చిన్న గదిలో స్టూలు వేసి దాన్ని పెట్టాను. సాఫ్ట్‌వేరు దింపుకుని, అది నకిలీది కాదని సరిచూసుకుని, ఎక్కించి, బావ చెప్పినట్టే మొత్తం దాచేలా, ఏ లావాదేవీ అయినా వెతికేలా అమర్చాను. తెర మీద తెల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో ఆకుపచ్చ గీత, దాని పక్కన శాతం. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్ల నుంచి పాత లావాదేవీలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. అవన్నీ దిగి, సరిచూడటం పూర్తయి, లోకంతో సమానంగా వచ్చి నిలబడితే దాన్ని సింక్ అయిందంటారు.

మొదట్లో శాతం పరుగులు తీసింది. తొలి ఏళ్ళలో లావాదేవీలు తక్కువ కాబట్టి సంవత్సరాలు నిమిషాల్లో దాటిపోయాయి. ఈ లెక్కన వారం తిరక్కుండా అయిపోతుందనుకున్నాను. తర్వాత నత్తనడక మొదలైంది. పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూసేవాణ్ణి. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే వెళ్ళి చూసేవాణ్ణి. అన్నం ముందు కూర్చుని లేచి వెళ్ళేవాణ్ణి. దశాంశం తర్వాత అంకె ఒకటి మారితే ఏదో సాధించినట్టుండేది. మారకపోతే డబ్బాకు చెవి ఆనించి వినేవాణ్ణి.

నాకంటే బావ ఆత్రం ఎక్కువ. సాయంత్రం అయ్యేసరికి ఫోను. పలకరింపు కూడా ఉండేది కాదు.

"ఎంతయ్యింది బావా?"

"అరవై దాటింది."

"నిన్నా అరవయ్యే అన్నావు."

"అరవై మీద పాయింట్లు కదుల్తన్నాయి."

"ఎప్పటికవుతాదేటి?"

"నాకెలా తెలుస్తాది బావా, దాని ఇష్టం."

మొదట్లో సరదాగానే ఉండేది. పోను పోను ఆ గొంతులో సరదా పోయింది. నా భార్యతో అంటే, "మా అన్నియ్యకి మొదట్నించీ అంతే, ఏదైనా పట్టుకుంటే ఒగ్గడు," అంది. ఆమెకు వేరే బాధ ఉంది. నోడ్ ఇంట్లో నెట్టంతా లాగేస్తుంటే ఆమె క్లాసు మధ్యలో బొమ్మ బిగుసుకుపోయేది. ఒక రోజు త్రికోణమితి చెబుతూ చెయ్యెత్తిన ఆమె అలాగే చెయ్యెత్తి ఉండిపోయిందట పిల్లల తెరల మీద. క్లాసు అయ్యాక తిన్నగా వచ్చి ప్లగ్గు పట్టుకుంది.

"తీసీమంటారా?"

ఉన్నపళంగా తీస్తే చేసిందంతా చెడిపోవచ్చని తెలిసి నేను నిజంగా చేతులు జోడించాను. ఆమె క్లాసు వేళల్లో దాన్ని ఆపి ఉంచేలా ఒప్పందం కుదిరింది. అందువల్ల ఇంకా ఆలస్యం.

తొంభై దాటాక ఒక మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. నేను ఆఫీసులో ఉన్నాను. ఇంటికి వచ్చి చూస్తే తెర మీద ఎర్ర అక్షరాలు. లోపలి లెక్కల పట్టీ చెడిపోయింది, మళ్ళీ మొదటి నుంచి సరిచూసి కట్టుకోవాలి, మొదలుపెట్టమంటావా అని అడుగుతోంది. దింపినవి డిస్కులోనే ఉన్నాయి. కానీ సరిచూడటం మాత్రం సున్నా నుంచి. మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద బొగ్గుపొడి నల్లగా, మెత్తగా, కాటుకలా పేరుకుని ఉంది. తుడిచాను. యూపీఎస్ తెచ్చి తగిలించాను. మొదలుపెట్టు అని నొక్కాను.

ఆ సాయంత్రం ఫోనులో సున్నా అని చెబితే "సరే బావా," అని పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి తలుపు కొట్టాడు. బస్సులోనే వచ్చాడు. గడ్డం మాసిపోయింది. చిన్న గదిలో తడిబట్టల కింద స్టూలు ముందు కూర్చుని శాతం వైపు చూస్తూ ఉండిపోయాడు. చెల్లెలు ఇడ్లీలు పెడితే రెండు ముక్కలు తిని పళ్ళెం పక్కన పెట్టాడు.

"బండి ఇంకా బాగవలేదేటి అన్నియ్యా?" అని అడిగింది.

"అవుతాదమ్మా," అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ తర్వాత వారంలో రెండుసార్లు వచ్చేవాడు. ఇద్దరం ఆ గదిలోకి పోవడం, రావడం. ఇంట్లో ఇప్పుడు తిరిగేవాళ్ళు ఇద్దరయ్యారని నా భార్య విసుక్కునేది.

పూర్తయ్యేనాటికి అతనూ అక్కడే ఉన్నాడు. ఆదివారం, ఎండ బాగా ఎక్కిన వేళ. గీత చివరికంటా నిండి, ఆ రోజు తేదీ, ఆ నిమిషం కనిపించాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. క్రేను దిగాక మొదటిసారి ఒక పని చివరిదాకా తెచ్చాను. "అయిపోనాది బావా!" అని భుజం మీద కొట్టాను.

అతను జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. అందులో అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస. "ఇది కొట్టు," అన్నాడు.

అది లావాదేవీ గుర్తు అని నాకు అప్పటికి తెలుసు. కొట్టాను. అలాంటి లావాదేవీ ఏదీ లేదని వచ్చింది.

"తప్పు కొట్టినావు. నాను సదువుతాను, నువ్వు కొట్టు."

ఒక్కో అక్షరం చదివాడు, ఒక్కోటి కొట్టాను. లేదనే వచ్చింది. నాణేలు ఏ చిరునామాకు, అంటే ఏ ఖాతాకు, వచ్చాయన్నారో అదీ చూపించాడు. అసలు అది సరైన చిరునామాయే కాదంది నోడ్.

"ఇంకా సింక్ అవ్వాలేమో," అన్నాడు.

"అయిపోనాది కదా బావా. సూడు, వంద."

"పోనీ మళ్ళీ మొదట్నించి పెడితే?"

అప్పుడు నాకు అర్థమైంది. "బండి ఏటయ్యింది బావా?" అన్నాను.

అమ్మేశాడు. ఫోనులో ఒక గుంపులో పరిచయమైన మనిషి నాణేలు కొనే యాప్ ఒకటి ఎక్కించాడట. బండి అమ్మిన డబ్బు అందులో పెడితే రోజూ పెరుగుతూ కనిపించింది. తీసుకుందామంటే, పంపించేశాం, ఇదిగో గుర్తు అన్నారు. వెబ్‌సైట్లలో వెతికితే లేదని వచ్చింది. అడిగితే, అక్కడ కనిపించదు, సొంత నోడ్ పెట్టుకున్నవాళ్ళకే కనిపిస్తుందన్నారు.

"అందుకే నిన్ను పెట్టమన్నాను బావా. నాకు ఆ పని రాదు కదా. నీకొచ్చు. నీ యంత్రం అబద్దం సెప్పదు కదా అని..."

గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది, చేతిలో తడి తువ్వాలుతో. ఎంతసేపటి నుంచో తెలీదు. అరుస్తుందనుకున్నాను. వచ్చి అన్నయ్య పక్కన నేల మీద కూర్చుంది.

"వదినకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నాళ్ళూ షెడ్డులో ఉన్నాదనే సెప్తన్నావా ఆవిడికీ?"

"మరేటి సెప్పను?"

"లెగు. ఇయ్యాలే ఎల్దాం."

ముందు పోలీసు స్టేషనుకు వెళ్ళాం. అక్కడి ఇన్‌స్పెక్టరు ఓపిగ్గానే విన్నాడు, ఫిర్యాదు తీసుకున్నాడు, ఆ యాప్ ఫోనులోంచి తీయకుండా ఉంచమన్నాడు. డబ్బు వెనక్కి వస్తుందా అని బావ అడిగితే చూద్దాం అన్నాడు. అక్కణ్ణించి ముగ్గురం ఆనందపురం బస్సెక్కాం. దారంతా బావ కిటికీ తెరవడం, మూయడం. హనుమంతవాక దాటేదాకా అలాగే. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. అతని భార్యకు చెప్పింది మాత్రం అతనే. మేం వాకిట్లో నిలబడ్డాం. ఆ తర్వాత ఆవిడ మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

డబ్బు ఇప్పటిదాకా రాలేదు. బావ ఇప్పుడు వేరేవాళ్ళ బండి రోజు కూలికి నడుపుతున్నాడు. నోడ్ ఆ చిన్న గదిలోనే ఉంది. ఎంత నెట్టు వాడాలో హద్దు పెట్టాను కాబట్టి క్లాసులకు అడ్డం లేదు. తీసేద్దామని ఒకటి రెండుసార్లు మూత దాకా చెయ్యి పోనిచ్చాను. నా భార్యే వద్దంది. "అదేటి సేసింది? నిజం సెప్పింది అంతేగా," అంది.

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం బావ కూరగాయల దింపుడు అయ్యాక ఇంటికొచ్చాడు. ఖాళీ బుట్టలతో బండి కింద ఆపి ఉంది. కూర్చోలేదు. ఫోను తెరిచి నాకిచ్చాడు. పోయిన మీ నాణేలు దొరికాయి, రుసుము కడితే విడిపిస్తాం అని ఒక కొత్త సందేశం. కింద మళ్ళీ ఒక పొడుగాటి వరస.

"ఇది కూడా ఒకపాలి కొట్టి సూడు బావా."

కొట్టాను. లేదు. నా భార్య ఫోను తీసుకుని చదివింది. తుడిపేస్తుందనుకున్నాను. తుడపలేదు. తిరిగి అన్నయ్యకే ఇచ్చింది.

"నీకేటి అనిపిస్తంది అన్నియ్యా?"

"దొంగోళ్ళే."

"అయితే తీసీ."

"తెలుసమ్మా. సెయ్యి రాట్లేదు."

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. కిటికీ దగ్గర ఆగాడు. మళ్ళీ నడిచాడు. నేనేదో అనబోతే ఆమె చేత్తో ఆపింది. కింద ఎవరో బండి తియ్యమని హారను కొట్టారు. అతను మెట్లు దిగాడు, వెనకే నేనూ దిగాను. సీట్లో కూర్చుని ఫోను మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. ఆ తర్వాత తెర నా వైపు తిప్పాడు. సందేశం లేదు.

"తీసీసినాను."

"మంచి పని సేసినావు బావా."

తాళం తిప్పాడు. బండి స్టార్టయ్యింది. కదలకుండా ఆ శబ్దంలోనే నా వైపు వంగి అడిగాడు: "తీసీసింది మళ్ళీ తెచ్చుకోడానికి అవుతాదా?"

"అవదు," అన్నాను. అవుతుందో లేదో నాకు తెలీదు.

తల ఊపి గేరు వేశాడు.