వేడిచేసి అమ్మిన బండి

కొనేవాళ్లు ఎనిమిదింటికి వస్తామన్నారు. నేను ఏడింటికే కారు స్టార్ట్ చేసి, తెల్లపొగ ఆగేదాకా కొంపల్లిలోని మా ఇంటి ముందే ఉంచి, తర్వాత సుచిత్ర చౌరస్తా దాకా తిప్పుకొచ్చాను. ఆ ఒక్క గంటను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మొదట మీకే చెబుతున్నాను.

ఎందుకలా చేశానో చెప్పాలి. రాత్రంతా నిలబడ్డ ఇంజనును పొద్దున తిప్పగానే దాని జబ్బు బయటపడుతుంది. నా కారు రెండు నిమిషాలు గడగడ వణికేది. సైలెన్సర్ లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వచ్చేది. కింద చుక్క కారకపోయినా ఇంజనును చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతుండేది. వేడెక్కాక అంతా మామూలే. సిలిండర్ల మీది గాస్కెట్ పోయిందని, దగ్గర తిరుగుళ్లకైతే నడుస్తుందని, దూరం పోతే కాగి ఆగిపోతుందని మెకానిక్ చెప్పాడు. బాగు చేయించలేదు. అమ్మకానికి పెట్టాను.

తెలియక చేసిన పని కాదు. మా పత్రికలో వారం వారం కార్ల మీద శీర్షిక రాసేది నేనే. పాత కారు కొనేముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి అని రాసిందీ నేనే.

యాదగిరి రావల్‌కోల్ రైతు. వాళ్ల నాయినను వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీరాగానే బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

“సార్, వేడిగుంది. గిట్లుంటే కొనొద్దని మీరే రాసిండ్రు గదా.”

“ఇప్పుడే పాలకు వెళ్లొచ్చాను.”

పెద్దాయన అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు. “పాలకు కార్ల పోతరా సార్? మస్తున్నది మీ కత,” అని నవ్వి, కొడుకు వైపు తిరిగాడు. “గా పేపర్ల రాసేటాయనకే పరీక్ష పెడ్తున్నవేందిరా? ఇగ చెయ్యి తియ్. ఎక్కు.”

యాదగిరి సిగ్గుపడి చెయ్యి తీశాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కణ్నుంచి వచ్చింది? దొరికిపోలేదనా? ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే పోయేది నా పరువు ఒక్కటే కదా, దాన్ని అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానని ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

వాళ్లు కారు కొనుక్కెళ్లాక ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం మేడ్చల్ విలేకరి పంపిన చిన్న వార్త నా బల్ల మీదికి వచ్చింది. రావల్‌కోల్ మాజీ వార్డు సభ్యుడికి గుండెనొప్పి వచ్చింది. కొడుకు యాదగిరి కారులో సుచిత్ర వైపు ఆస్పత్రికి తీసుకెళ్తుండగా, కండ్లకోయ దగ్గర ఇంజను కాగి కారు ఆగిపోయింది. ఇంకో బండి దొరికేలోపే ఆయన చనిపోయాడు.

దిద్దాల్సింది నేనే. కారు ఆగిపోయిందన్న వాక్యం కొట్టేశాను. స్థలం చాలదని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు పేజీ చూస్తే, ఆ వార్త కింద రెండు లైన్ల జాగా తెల్లగా మిగిలి ఉంది.

బండి ఆగకపోతే ఆయన బతికేవాడా? ఏమో. ఆ ప్రశ్న ఏ డాక్టరునూ అడగలేదు. బతికేవాడంటే ఏం చేయాలో తెలియక అడగలేదు. బతికేవాడు కాదంటే, ఆ మాటను అడ్డం పెట్టుకుని హాయిగా నిద్రపోతానేమోనని కూడా అడగలేదు. శామీర్‌పేటలో పనిపడినా మేడ్చల్ మీదుగా వెళ్లను. ముందు సీట్లో పెద్దాయన నవ్వు మాత్రం ఏ దారిలో వెళ్లినా వినిపిస్తుంది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదన్నదే నాకు కాస్త ఊపిరి.

యాదగిరి దగ్గర నా నంబరు ఉంది. బండి ఆగిన రోజు గానీ, ఆ తర్వాత గానీ అతను ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఇంజను విప్పించాడో లేదో, విప్పిన మెకానిక్ అతనికి ఏం చెప్పాడో, నాకు ఇప్పటికీ తెలియదు.