నేను రాసిన సన్మాన పత్రం

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా పక్కింట్లో ఒక జర్మన్ పెద్దాయన ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దేశం వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. తొంభై దాటినా శనివారాలు తన గరాజ్‌లో మన పిల్లలకు రోబోలు తయారుచేయడం నేర్పేవాడు. ఉగాదికి ఆయన్ని సన్మానించాలని మా తెలుగు సంఘం తీర్మానించింది. నేను కార్యదర్శిని. అమెరికా రాకముందు జర్మనీలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను, జర్మన్ చదవగలను. అందుకని సన్మాన పత్రం రాసే పని నాకే పడింది.

వివరాలు అడిగితే ఆయన, సైన్యంలో తనకిచ్చిన చిన్న సర్వీసు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పతకాల పేజీ తిప్పాను. ఐరన్ క్రాస్, రెండో తరగతి. గాయపడినందుకు ఒకటి. వాటి కింద ఇంకొకటి, గెరిల్లాల ఏరివేతకు ఇచ్చిన కంచు బ్యాడ్జి. ఎక్కడ అని అడిగాను. బెలారస్ అన్నాడు. గెరిల్లాలు దొరక్కపోతే ఊళ్ళు తగలబెట్టేవాళ్ళమని, మనుషులు లోపల ఉండగానే తగలబెట్టేవాళ్ళమని, పైనుంచి ఆర్డరని చెప్పాడు. గొంతు కూడా మారలేదు. తర్వాత కాఫీ పోశాడు. నేను తాగాను. ఎలా తాగానో!

అప్పటికే శాలువా కొన్నాం, హాలు బుక్ చేశాం, లోకల్ పేపర్‌వాళ్ళను పిలిచాం. మనవాళ్ళకు సైనికుడంటే చాలు, చేతులు జోడిస్తారు. ఏ సైన్యం, ఎవరి మీద యుద్ధం అని కమిటీలో ఒక్కడూ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. పెద్దాయన కదా, ఈ వయసులో ఎందుకులే అనుకున్నాను. అది పెద్దరికానికి ఇచ్చిన గౌరవమా? కాదు, వట్టి పిరికితనం. వేదిక మీద మైకు పట్టుకుని చదవబోయేది నేనే కదా, ఆ సంబరం పాడవకూడదన్న యావ. మూడో పతకం ఊసెత్తకుండా, రణరంగంలో శౌర్య పతకాలు అందుకున్న ధీరుడని రాశాను. ధీరుడట!

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ అడిగిన మనిషి ఒకరున్నారు. నా స్నేహితుడు మురళి భార్య నీనా. ఆమెది బెలారస్. మురళి కోసం తెలుగు నేర్చుకుంది, నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఫంక్షన్ రోజు స్టేజి పక్కన నన్ను ఆపింది.

"అన్నయ్యా, ఆ తాతగారు వార్‌లో ఎక్కడ పనిచేశారు? మా అమ్మమ్మ ఊరు జర్మన్స్ కాల్చేశారు. ఫ్యామిలీలో అమ్మమ్మ ఒక్కతే మిగిలింది. అందుకే అడుగుతున్నా."

"అలాంటిదేం లేదు నీనా. ఆయన ఫ్రాన్స్‌లో ట్రక్ మెకానిక్. పేపర్స్ అన్నీ నేనే చెక్ చేశాను."

"మీరు చెక్ చేస్తే ఓకే," అంది.

శాలువా కప్పాక పిల్లలంతా వరసలో వెళ్ళి ఆయన కాళ్ళకు దండం పెట్టారు. వెనకాడుతున్న తన కూతురు తారను నీనాయే ముందుకు పంపింది. తార వంగింది. ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. మొదలుపెట్టింది నేను.

ఆయన మీద కోపం లేదా అంటారా? ఉంది, ఎందుకుండదు. కానీ ఆయన అడగ్గానే నిజం చెప్పాడు. నన్ను అడిగితే నేను చెప్పలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయిన వారం సంఘంవాళ్ళు సావనీర్ కోసం ఆ ఫోటో పంపి, కింద రెండు లైన్లు రాయమన్నారు. ఫోటోలో తార ఇంకా వంగే ఉంది. మళ్ళీ ధీరుడని రాయాలా? ఛీ, నా వల్ల కాలేదు. దానికి బదులు ఇది రాశాను.

రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది. దీన్ని ముందు నీనాకు పంపుతున్నాను. మురళి ఇక నా ముఖం చూడకపోవచ్చు. క్షమించమని అడగను, అడిగితే ఆ బరువు కూడా ఆమె మీదే పడుతుంది. ఆయన ఫ్రాన్స్‌లో లేడు నీనా. మీ దేశంలో ఉన్నాడు. నువ్వు నన్ను అడిగేటప్పటికే ఆ సంగతి నాకు తెలుసు.